వ్యాక్యూమ్ క్లీనర్ కొంటున్నారా? వాట్లు చూసే ముందు మీ ఇంటి నేల చూడండి

పిల్లాడికి రాత్రిళ్లు దగ్గు, పొద్దున లేవగానే వరుసగా తుమ్ములు. డాక్టర్ దగ్గరికి తీసుకెళితే 'డస్ట్ అలర్జీ.. ఇంట్లో దుమ్ము లేకుండా చూసుకోండి' అంటారు. చాలా ఇళ్లలో వ్యాక్యూమ్ క్లీనర్ మాట అప్పుడే మొదటిసారి వస్తుంది. ఇంకొన్ని ఇళ్లలో కారణం వేరు. అమ్మీకి మోకాళ్ల నొప్పులు, వంగి ఊడ్వలేరు. కోడలు పొద్దున ఎనిమిదికే ఉద్యోగానికి బయల్దేరాలి. కారణం ఏదైనా తర్వాత జరిగేది ఒకటే. ఫోన్‌లో సేల్ చూస్తారు, నాలుగు వేల నుంచి నలభై వేల దాకా రకరకాల మెషిన్లు కనిపిస్తాయి, ఎక్కువ వాట్లు రాసి ఉన్నది ఒకటి ఆర్డర్ పెట్టేస్తారు. రెండు నెలలు తిరక్కుండానే అది అట్టపెట్టెతో సహా సజ్జ ఎక్కుతుంది.

మెషిన్ చెడ్డది కావడం వల్ల ఇలా జరగడం తక్కువ. ఆ ఇంటికి అది సరిపోకపోవడమే ఎక్కువ. పైగా దగ్గే పిల్లాడి కోసం కొన్న ఇంట్లో తప్పు మెషిన్ వస్తే డబ్బు పోవడంతో ఆగదు. ముందు పీల్చిన సన్నటి దుమ్మును వెనక నుంచి గదిలోకే వదిలితే పిల్లాడి దగ్గు ఇంకా పెరగొచ్చు.

మీ ఇంట్లో గుడ్డ ఎంత ఉంది?

వ్యాక్యూమ్ క్లీనర్ పుట్టిందే తివాచీల కోసం. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజినీర్ తయారుచేసిన మెషిన్ ఎంత పెద్దదంటే దాన్ని గుర్రపు బండి మీద వీధిలో నిలబెట్టి, పొడవాటి గొట్టాలను కిటికీల్లోంచి ఇళ్లలోకి పంపేవారు. గోడ నుంచి గోడ దాకా కార్పెట్ పరిచి ఉండే ఇళ్ల అవసరం అది. మన దగ్గర ఆ పరిస్థితి లేదు. హైదరాబాద్ పాత ఇళ్లలో షాబాద్ బండలు, కొత్త ఫ్లాట్లలో టైల్స్, మార్బుల్, గ్రానైట్. ఇలాంటి గట్టి నేల మీద కనిపించే చెత్తకు చీపురు, తడిగుడ్డ చాలు. నిజం చెప్పాలంటే ఆ పనికోసం పది వేలు పెట్టక్కర్లేదు.

చీపురుకు చేతకాని పని వేరే ఉంది. ఊడ్చినప్పుడు పెద్ద చెత్త ముందుకు జరుగుతుంది, సన్నటి దుమ్ము గాల్లోకి లేస్తుంది. అరగంటకో గంటకో అదే దుమ్ము దివాన్ మీద, పర్దాల మీద, పరుపుల మీద వాలుతుంది. అక్కడి నుంచి చీపురుతో తీయలేం. కాబట్టి కొనేముందు ఇల్లంతా ఒకసారి తిరిగి లెక్క వేసుకోండి. సోఫాలెన్ని, పరుపులెన్ని, నేల మీద పరిచే దరీలు, గలీచాలు, దివాన్ గద్దీలు ఎన్ని, బరువైన పర్దాలు ఎన్ని కిటికీలకు ఉన్నాయి? నేల మీద కూర్చుని దస్తర్‌ఖాన్ పరిచే ఇంట్లో దరీ పోగుల మధ్య బియ్యపు మెతుకులు, బిస్కెట్ పొడి చేరుతూనే ఉంటాయి. గుడ్డ ఎక్కువున్న ఇంటికి వ్యాక్యూమ్ క్లీనర్ నిజంగా పనికొస్తుంది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఇనుప మంచం, ఒట్టి టైల్స్ ఉన్న ఇంటికి మంచి మాపు, ఒక చిన్న చేతి మెషిన్ సరిపోతాయి.

గుడ్డల్లోనూ తేడా ఉంది. వరంగల్ దరీలది చదునైన నేత, దానికి పోగులు పైకి లేచి ఉండవు. మామూలు పీల్చే బ్రష్‌తో రెండువైపులా తీస్తే చాలు. ఏలూరు తివాచీల లాంటివాటికి ఊలు పోగులు నిలబడి ఉంటాయి, దుమ్ము వాటి మొదట్లో కూర్చుంటుంది. వాటికి తిరిగే రోలర్ బ్రష్ ఉన్న మెషిన్ బాగా పనిచేస్తుంది. అయితే చేత్తో ముడివేసిన పాత గలీచా అయితే ఆ రోలర్‌ను ఆపేసి, పోగులు వాలిన దిక్కుగానే నడపాలి. అంచు కుచ్చుల మీదికి రోలర్ ఎక్కించకూడదు. ఒక్కసారి చుట్టుకుంటే కుచ్చులు తెగిపోతాయి, కొన్నిసార్లు అంచే ఊడివస్తుంది. కొత్త ఊలు తివాచీ మొదటి కొన్ని నెలలు పీచు వదులుతుంది. డబ్బా నిండా ఊలు కనిపించిందని కంగారు పడక్కర్లేదు.

వాట్లు చెప్పేది కరెంటు ఖర్చునే

డబ్బా మీద 1600 వాట్లు, 2000 వాట్లు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అది మోటారు వాడే కరెంటు. గాలిని ఎంత బలంగా లాగుతుందో అందులో తెలియదు. యూరోపియన్ యూనియన్ 2014 సెప్టెంబరులో ఇంటి వ్యాక్యూమ్ క్లీనర్లకు 1600 వాట్ల పరిమితి పెట్టింది, 2017 సెప్టెంబరులో దాన్ని 900 వాట్లకు దించింది. అక్కడి ఇళ్లలో కార్పెట్లు మన ఇళ్లకంటే ఎక్కువే. అయినా 900 వాట్ల లోపే శుభ్రంగా పీల్చే మెషిన్లు తయారవుతున్నాయి. మూతి ఆకారం, గొట్టంలో గాలి లీకు కాకపోవడం, ఫిల్టర్ శుభ్రంగా ఉండటం, ఇవన్నీ కలిస్తేనే పీల్చే బలం.

ఆ బలాన్ని కొన్ని కంపెనీలు కిలోపాస్కల్‌లలో, కొన్ని ఎయిర్ వాట్లలో రాస్తాయి. ఒకదాని కిలోపాస్కల్‌ను ఇంకోదాని ఎయిర్ వాట్లతో పోల్చలేం. ఒకే కొలతలో రాసిన రెండు మెషిన్లను పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు, అంతకు మించి ఆ అంకెలను నమ్ముకోవద్దు.

వాట్లు చూడాల్సిన చోటు ఇంకోటి ఉంది: గోడకున్న ప్లగ్గు. 1600 వాట్ల మెషిన్ 230 వోల్టుల మీద దాదాపు 7 ఆంపియర్లు లాగుతుంది. గదుల్లో ఉండే చిన్న సాకెట్లు 6 ఆంపియర్లవి. ఫ్యాను, టీవీ నడిచే సాకెట్‌కు, అందులోనూ పాత వైరింగ్ ఉన్న ఇంట్లో, ఎక్స్‌టెన్షన్ బాక్స్ తగిలించి ఇలాంటి మెషిన్ నడిపితే ప్లగ్గు వేడెక్కి వాసన వస్తుంది. గీజరుకో ఏసీకో వాడే 16 ఆంపియర్ల సాకెట్ దగ్గర్లో లేకపోతే 1200 వాట్లకు మించకుండా చూసుకోవడం మేలు. ఇన్వర్టర్ మీద మాత్రం నడపొద్దు. కరెంటు బిల్లు గురించి అంత భయం అక్కర్లేదు. 1200 వాట్ల మెషిన్ అరగంట నడిస్తే 0.6 యూనిట్, అంతే.

వెనక నుంచి వచ్చే గాలి ఎలాంటిది?

అలర్జీ, ఆస్తమా ఉన్న ఇంటికి అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. అమ్మేవాళ్లు దీని గురించి తక్కువ మాట్లాడతారు.

మెషిన్ ముందు నుంచి గాలి లోపలికి వెళ్తే వెనక నుంచి అంతే గాలి బయటికి రావాలి. మధ్యలో దుమ్మును ఆపేది సంచి, ఫిల్టర్. చౌక మెషిన్లలో వచ్చే ఉతికే గుడ్డ సంచి కంటికి కనిపించే చెత్తను ఆపుతుంది. సన్నటి దుమ్ము దాని నేతలోంచి జారి మళ్లీ గదిలోకే వస్తుంది. ఆన్ చేయగానే వచ్చే ఆ మట్టి వాసన దానిదే.

పిల్లల తుమ్ములకు కారణమయ్యేది ఎక్కువగా ఈ సన్నటి దుమ్మే. ఇంటి దుమ్ములో డస్ట్ మైట్స్ అనే, కంటికి దాదాపు కనిపించని పురుగులు ఉంటాయి. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టును తిని బతుకుతాయి. అలర్జీ తెచ్చేది ముఖ్యంగా వాటి మలం. గాలిలో తేమ ఉంటే బాగా పెరుగుతాయి కాబట్టి విశాఖ, మచిలీపట్నం, నెల్లూరు లాంటి సముద్రపు ఊళ్లలో వాటికి అనుకూలం.

దీనికోసమే హెపా ఫిల్టర్. డబ్బా మీద హెచ్13 అని రాసి ఉంటే యూరప్ ప్రమాణం ప్రకారం అది అతి సన్నటి రేణువుల్లో 99.95 శాతం ఆపాలి. ఇ10 అని ఉంటే 85 శాతం. రెంటికీ మధ్య ఇ11, ఇ12 ఉన్నాయి. 'హెపా టైప్', 'హెపా లాంటిది' అని రాసి, తరగతి చెప్పకపోతే అది నిజమైన హెపా అని అనుకోవద్దు. ఫిల్టర్ ఎంత మంచిదైనా దాని చుట్టూ రబ్బరు అంచు బిగుతుగా లేకపోతే గాలి పక్క సందుల్లోంచి పోతుంది. దుకాణంలో మూత తీసి ఆ రబ్బరును వేలితో తడిమి చూడండి. పలచగా, వదులుగా ఉంటే ఇంకోటి చూపించమనండి.

ఇక సంచి ఉన్నదా, సంచి లేని డబ్బాదా? సంచి కొనే ఖర్చు ఉండదని చాలామంది డబ్బాదే తీసుకుంటారు. అందరి సంగతీ ఒకలా ఉండదు. డబ్బా మెషిన్‌ను ఖాళీ చేసేటప్పుడు ఒక్కసారిగా మేఘంలా దుమ్ము లేస్తుంది. ఆ పని చేసేది సాధారణంగా ఇంట్లో ఆడవాళ్లే, ఆస్తమా వాళ్లకే ఉందనుకోండి, వారానికి రెండుసార్లు ఆ దుమ్ము పీల్చాల్సిందే. అలాంటి ఇంటికి పారేసే సంచి, అందులోనూ మూతి మూసుకునే రకం, కాస్త ఖర్చైనా మంచిది. మూడింట రెండొంతులు నిండగానే తీసేయాలి. అయితే కొనే ముందు ఆ సంచులు మీ ఊళ్లో దొరుకుతాయా, ఎంతకు దొరుకుతాయో అడగండి. సంచి దొరక్క మూలపడ్డ మెషిన్లు చాలా ఉన్నాయి.

ఫిల్టర్ కడగొచ్చు అని రాసి ఉంటేనే కడగండి. కడిగాక పూర్తిగా ఒక రోజంతా ఆరనివ్వండి. తడిగా బిగిస్తే బూజు వాసన పట్టుకుంటుంది, మోటారుకూ మంచిది కాదు.

రకాల్లో ఏది ఎవరికి

చక్రాల మీద వెంట లాక్కునే మామూలు రకం, అంటే డబ్బా, గొట్టం, పొడవాటి రాడ్ ఉన్నది, మన ఇళ్లకు ఇప్పటికీ ఎక్కువగా సరిపోతుంది. సోఫా సందుల్లోకి, దివాన్ కిందికి, పర్దాల మీదికి, ఫ్యాను రెక్కలకు గొట్టం చేరుతుంది. బరువు నేల మీదే ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ల చేతులు నొప్పెట్టవు. వైరు కనీసం 5 మీటర్లు ఉందో లేదో చూడండి.

తడి, పొడి రెండూ పీల్చే మెషిన్ మీద మనవాళ్లకు మోజెక్కువ. వానాకాలంలో బాల్కనీలోంచి నీళ్లు వచ్చే ఇంటికి, మంచం మీద పాలు, చాయ్ ఒలికే ఇంటికి మంచిదే. కానీ చాలా మోడళ్లలో నీళ్లు పీల్చే ముందు గుడ్డ సంచి, పేపర్ ఫిల్టర్ తీసేసి స్పాంజ్ ఫిల్టర్ పెట్టాలి. మర్చిపోతే ఫిల్టర్ పాడైపోతుంది. వాడాక డబ్బా కడిగి ఎండబెట్టకపోతే రెండో రోజుకే కంపు. ఇది శబ్దం ఎక్కువ చేసే రకం కూడా. నెలల పాప నిద్రపోయే ఇంట్లో, గోడకు గోడ ఆనుకుని ఉండే గల్లీ ఇళ్లలో అది ఆలోచించాల్సిన విషయమే.

వైరు లేని స్టిక్ రకం తేలిక, గోడకు తగిలించొచ్చు, రోజూ పది నిమిషాల పనికి హాయిగా ఉంటుంది. డబ్బా మీద '45 నిమిషాలు' అని ఉంటే అది తక్కువ వేగంలో. ఫుల్ పవర్‌లో చాలా మోడళ్లు పది నిమిషాల చుట్టుపక్కలే ఆగిపోతాయి. మూడు గదుల ఇంటికి ఇది ఒక్కటే అంటే ఇబ్బంది. కొన్నేళ్లకు బ్యాటరీ మార్చాలి. విడిగా దొరుకుతుందా, ధర ఎంత అని మెషిన్ ధరతో పాటే అడిగి ఉంచుకోవాలి.

రోబో మెషిన్లు రీల్స్‌లో బాగుంటాయి. చదునైన టైల్స్, తక్కువ సామాను, గడపలు లేని ఫ్లాట్‌లో నిజంగానే బాగా పనిచేస్తాయి. పాత ఇళ్లలో గదికో గడప ఉంటుంది, రెండు సెంటీమీటర్లు దాటితే చాలా రోబోలు ఎక్కలేవు. దరీ కుచ్చులు, ఫోన్ చార్జర్ వైర్లు, పిల్లల సాక్సులు చక్రాలకు చుట్టుకుని ఆగిపోతాయి. నల్లటి గలీచా చూసి మెట్టు అనుకుని వెనక్కి తిరిగేవీ ఉన్నాయి! సోఫాను, పరుపును అది ఎలాగూ తీయదు. అలర్జీ కోసం కొంటున్నట్లయితే రోబో రెండో మెషిన్ కావాలి, మొదటిది కాదు.

దుబాయ్ నుంచి, అమెరికా నుంచి తెప్పిస్తే

గల్ఫ్‌లో ఉన్న అన్నయ్యో, అమెరికాలో ఉన్న మామూజానో 'అక్కడ ఆఫర్ ఉంది, పంపిస్తా' అంటారు. అమెరికా ఇళ్లలో కరెంటు 120 వోల్టులు. ఆ మెషిన్‌ను ఇక్కడి 230 వోల్టుల సాకెట్‌లో పెడితే మోటారు కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు, కానీ ఇంత వాటేజీకి సరిపోయేది బరువు, ఖరీదు. యూఏఈ నుంచి వచ్చినదానికి వోల్టేజీ ఇబ్బంది లేదు, ప్లగ్గు మాత్రం చదరపు మూడు కాళ్లది. దానికి ఫోన్ చార్జర్లకు వాడే సన్నటి అడాప్టర్ పెట్టకుండా, ఎలక్ట్రీషియన్‌తో ఇక్కడి 16 ఆంపియర్ల ప్లగ్గు వేయించుకోవడమే క్షేమం. విమానంలో తెచ్చే స్టిక్ మెషిన్‌కు విడి బ్యాటరీ ఉంటే దాన్ని చెకిన్ సామానులో పెట్టనివ్వరు, చేతి సామానులోనే తేవాలి. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కాగితం మీద చూసుకోకుండా 'అదే కంపెనీ కదా' అనుకోవద్దు.

డెమోలో మోసపోకుండా

మన దేశంలో ఇంటింటికీ వచ్చి వ్యాక్యూమ్ క్లీనర్ చూపించే పద్ధతికి 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ పేరు తెచ్చింది. ఇప్పటికీ చాలా కంపెనీలవాళ్లు వస్తారు. గొట్టం మూతికి నల్ల గుడ్డ కట్టి మీ పరుపు మీద నడిపి, తెల్లగా పడ్డ దుమ్ము చూపిస్తారు. ఇంట్లో అందరూ 'అరె, ఇంత గలీజు మీద పడుకుంటున్నామా' అని సిగ్గుపడతారు, సంతకం అక్కడే పడిపోతుంది. రోజూ మనుషులు పడుకునే ఏ పరుపు నుంచైనా, దాదాపు ఏ మెషిన్‌తోనైనా ఆ దుమ్ము వస్తుంది. అది మీ శుభ్రతకు పరీక్ష కాదు, వాళ్ల మెషిన్ గొప్పతనానికి రుజువూ కాదు. మీరే డెమో అడగండి. దివాన్ కింద, కిటికీ చానల్‌లో, దరీ మీద ఒలికిన బియ్యం మీద నడిపించండి. వెనక గాలి వచ్చే చోట తడి టిష్యూ కాగితం రెండు నిమిషాలు పట్టుకుని చూడండి, మరక పడితే దుమ్ము బయటికి వస్తున్నట్లే. చివరగా మెషిన్‌ను రోజూ ఎవరు నడుపుతారో వాళ్ల చేతికివ్వండి. చాలా ఇళ్లలో కొనేది ఒకరు, మోసేది ఇంకొకరు.

ఆస్తమా ఉన్న ఇంట్లో వాడే తీరు

ఎంత మంచి మెషిన్ అయినా నడిపేటప్పుడు కొంత దుమ్ము లేస్తుంది. ఆస్తమా ఉన్న మనిషి ఆ సమయంలో గదిలో ఉండకుండా, అయ్యాక ఓ అరగంట ఆగి రావడం మంచిది. వాళ్లే నడపక తప్పకపోతే మాస్కు పెట్టుకోవాలి. కిటికీలు తెరిచి ఉంచాలి. ముందు పర్దాలు, సోఫా, పరుపు, ఆ తర్వాత నేల, చివర తడిగుడ్డ, ఈ వరుసలో చేస్తే కింద పడ్డదంతా పోతుంది.

మైట్స్ పోగులను గట్టిగా పట్టుకుని ఉంటాయి. వ్యాక్యూమ్ పై దుమ్మును, వాటి మలాన్ని తీస్తుంది కానీ బతికున్న పురుగులన్నిటినీ లాగలేదు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకడం, పరుపుకు, దిండుకు జిప్ ఉన్న అలర్జీ కవర్ వేయడం ఆ పనికి ఎక్కువ సాయపడతాయి. బడ్జెట్ తక్కువైతే ముందు ఆ కవర్లకే పెట్టండి. డాక్టర్ రాసిన ఇన్‌హేలర్‌ను మెషిన్ వచ్చిందని ఆపకూడదు.

ఇంకో మాట. ఇంట్లో గోడ పగలగొట్టించినప్పుడు సిమెంటు పొడి, పొయ్యి బూడిద ఈ మెషిన్‌తో తీయొద్దు. ఆ పొడికి ఫిల్టర్ నిమిషాల్లో మూసుకుపోతుంది. వేడి ఉన్న బూడిద, ఊదు నిప్పుకణికలు అయితే సంచే అంటుకోవచ్చు.

కొన్నాక

ఆన్‌లైన్‌లో కొనేముందు కంపెనీ సైట్‌లో మీ పిన్‌కోడ్ వేసి సర్వీస్ సెంటర్ ఎక్కడుందో చూడండి. ఆదిలాబాద్‌లో కొన్న మెషిన్‌ను రిపేరుకు హైదరాబాద్ మోసుకెళ్లాల్సి వస్తే తక్కువ ధరకు కొన్న లాభం దారి ఖర్చులకే పోతుంది. బిల్లు, వారంటీ కార్డు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. లోపం ఉన్న మెషిన్ వచ్చి దుకాణం గానీ కంపెనీ గానీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాళ్ల ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, మీరుండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు పెట్టుకునే వీలుంది. మెషిన్ రాగానే మొదటి వారంలోనే అన్ని బ్రష్‌లు బిగించి, తడి, పొడి రెండూ నడిపి చూడండి. రిటర్న్ గడువు దాటేదాకా అట్టపెట్టె పారేయకండి.